ఎవరి అడవికి ఈ టికెట్టు?

ఆదిలాబాద్ జలపాతాలకూ కవ్వాల్ సఫారీకీ జనం పోటెత్తుతున్నారు. పులుల కారిడార్ జీవో మీద గూడేలు రోడ్డెక్కాయి. అడవిని ఎలా చూపించాలన్న చర్చ జోరుగా సాగుతోంది. అది ఎవరిదన్న ప్రశ్నను మాత్రం ఎవరూ ముట్టుకోవడం లేదు.

దీపావళి దగ్గర పడింది. ఉట్నూరు ఏజెన్సీలో ఓ గోండు గూడెం పొలిమేర. జొన్నచేల నడుమ బాట మీద తుడుం, పెప్రె మోత ముందు వినిపిస్తుంది, మనుషులు ఆ తర్వాత కనిపిస్తారు. తలమీద నెమలీకల టోపీలు, ఒంటినిండా బూడిద, చేతిలో సోట. పొరుగూరి గుస్సాడీలు దండారీ పండుగకు వస్తున్నారు. ఊరి అంచుకు రాగానే ఆ బృందం ఆగిపోతుంది. ఆతిథ్యమిచ్చే ఊరి పటేల్, పెద్దలు నీళ్లతో ఎదురొస్తారు. రామ్ రామ్‌లు అవుతాయి. అప్పుడుగానీ వచ్చినవాళ్లు ఊళ్లో అడుగుపెట్టరు. ఎక్కడ దిగాలో, ఏ వాకిట్లో ఆడాలో, ఎప్పుడు భోజనానికి కూర్చోవాలో ఆ ఊరే చెబుతుంది. రాత్రంతా ఆటపాటలు, మర్నాడు వీడ్కోలు. మరో రోజు ఈ ఊరివాళ్లు ఆ ఊరికి వెళతారు. తరతరాలుగా వియ్యాలందుకున్న ఊళ్లే అయినా పొలిమేర దగ్గర ఆగడం మాత్రం తప్పదు.

ఇదే నేల మీద వానాకాలం ఆదివారాలు మరోలా ఉంటాయి. హైదరాబాద్, నిజామాబాద్, కరీంనగర్‌ల నుంచి కార్లు నేరడిగొండ దాటి కుంటాల జలపాతం దారి పడతాయి. మిట్టె, పొచ్చెర, గాయత్రి జలపాతాలకూ అదే తాకిడి. జన్నారం హరిత రిసార్టులో గదులు, కవ్వాల్‌లో సఫారీ జీపులు. వచ్చేవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. పిల్లలకు అడవి చూపించాలనుకునే తల్లిదండ్రులు, వారమంతా షాపులో, ఆఫీసులో కూర్చుని అలసిన జనం. అయితే ఆ నీళ్లకు, ఆ చెట్లకు ఒక యజమాని ఉన్నాడని వాళ్లకు తెలిపే ఏర్పాటు ఎక్కడా కనిపించదు. టికెట్టు మీద ఉండేది సర్కారు శాఖ పేరు. గూడెం దారి పక్కన కనిపించి వెనక్కి పోతుంది.

ఆదిలాబాద్ అడవుల్లో పర్యాటకం ఉండాలి. కాకపోతే దాని తాళంచెవి గ్రామసభ చేతిలో ఉండాలి. ఆదివాసుల మీద జాలితో అడుగుతున్నదని దీన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. చట్టంలో దీనికి చోటుంది, చరిత్రలో ఆధారముంది, లోకంలో నడుస్తున్న నమూనా ఉంది. పులికీ ఇదే మేలు.

పన్నెండు గూడేల పాత కోరిక

1930ల చివర్లో గోండు నాయకుడు కుమ్రం భీం నిజాం సర్కారును అడిగింది జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేల మీద అధికారం. రిజర్వు ఫారెస్టు గీతలు గీసి, పోడు కొట్టినందుకు కేసులు పెట్టి, పశువులు మేసినందుకు బంబ్రాం, వంట చెరకుకు దూపపెట్టి పేర్లతో పన్నులు గుంజుతున్న కాలమది. జల్, జంగల్, జమీన్ అన్న మాటకు అర్థం ఆ పన్నెండు ఊళ్ల జాబితాలో ఉంది. అడవిలో బతకనివ్వమని మాత్రమే ఆయన అడగలేదు. అడవి మీద నిర్ణయం తమదేనన్నాడు. 1940లో జోడేఘాట్ కొండల్లో భీంనూ ఆయన సహచరులనూ నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఇప్పటికీ అక్కడ వర్ధంతి జరుగుతుంది.

ఆ కాల్పుల తర్వాతే ఇక్కడేం జరుగుతోందో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు తోచింది. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. జైనూరు దగ్గరి మార్లవాయిలో ఆయన భార్య ఎలిజబెత్‌తో కలిసి మకాం పెట్టాడు. గోండీలో చదువు చెప్పే బడి 1943లో అక్కడే మొదలైంది. ఆయన నివేదికల ఫలితంగా 1940ల చివరికల్లా ఆదిలాబాద్ ఆదివాసులకు దాదాపు లక్షా అరవై వేల ఎకరాలకు పట్టాలు దక్కాయి. ఆ దంపతుల సమాధులు ఇవాళ మార్లవాయిలోనే ఉన్నాయి. ఏటా జనవరి 11న ఊరు వాళ్లను తలచుకుంటుంది. బయటినుంచి వచ్చిన మనిషిని గోండులు సొంత మనిషిగా ఎంచుకోవడానికి కారణం ఆయన చేసిన పనిలోనే కనబడుతుంది. ఆయన ముందు అడిగింది భూమి ఎవరిదని.

ఆ పట్టాల్లో చాలా భాగం తర్వాతి దశాబ్దాల్లో చేతులు మారిపోయింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు కదిలిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో మృతులు 13 మంది. అంతకు ఎన్నోరెట్లు పోయారని అక్కడి జనం చెబుతారు. ఇప్పుడు జోడేఘాట్‌లో మ్యూజియం ఉంది, ఇంద్రవెల్లిలో స్తూపం ఉంది, రెండూ సందర్శక స్థలాల జాబితాలోకి ఎక్కాయి. ప్రాణాలు పోయినచోటును చూపిస్తూ, ఏ కోరిక కోసం పోయాయో దాన్ని పక్కనపెట్టడం సరికాదు.

▌ కవ్వాల్ వివరాలు
*వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా మొదలు: 1965. పులుల అభయారణ్యంగా ప్రకటన: 2012. కోర్ ప్రాంతం సుమారు 892 చదరపు కిలోమీటర్లు, బఫర్ సుమారు 1,123. విస్తరించిన జిల్లాలు: మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్, కుమ్రం భీం ఆసిఫాబాద్. పులులు ప్రధానంగా మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి ప్రాణహిత, పెన్‌గంగ దాటి కాగజ్‌నగర్ అడవుల మీదుగా వస్తాయి. కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ గ్రామాలను కోర్ నుంచి 2024లో కొత్త మద్దిపడగ దగ్గరికి తరలించారు. ఊరు వదిలే కుటుంబానికి కేంద్రం నిర్ణయించిన ప్యాకేజీ 15 లక్షల రూపాయలు.*

జీవో 49 చెప్పకనే చెప్పింది

2025 మే 30న రాష్ట్ర సర్కారు జీవో 49 తెచ్చింది. కవ్వాల్‌నూ తాడోబానూ కలిపే దాదాపు 1,490 చదరపు కిలోమీటర్ల అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. మూడు వందలకు పైగా ఊళ్లు దాని కిందికి వస్తాయన్న భయంతో జిల్లా అట్టుడికింది. బంద్‌లు జరిగాయి. జూలైలో సర్కారు ఆ జీవోను నిలిపివేసింది. భీం అధికారం అడిగిన కొండలనే భీం పేరుతో ఆదివాసుల చేజారుస్తారా అన్న కోపం గూడేల్లో గట్టిగా వినిపించింది. ఆ కోపం న్యాయమైనదే.

ఆ జీవోకు మూలమైన చట్టాన్ని ఓసారి తెరిచి చూడాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఏ సెక్షన్ ప్రకారం కన్జర్వేషన్ రిజర్వును ప్రకటించాలంటే ముందు స్థానిక ప్రజలతో సంప్రదింపులు జరపాలి. ఆ ప్రాంతం సర్కారు సొత్తయి ఉండాలి. మొదటి షరతు మీదే గొడవంతా జరిగింది గానీ అసలు చిక్కు రెండో దాంట్లో ఉంది. అడవి తనదేనని సర్కారు ముందే అనుకున్నాక, సంప్రదింపులంటే తన ఇంట్లో తాను చేసుకునే పనిని ఇరుగుపొరుగుకు చెప్పడం లాంటిదవుతుంది. నిర్వహణ కమిటీ సంగతీ అంతే. ఊళ్ల ప్రతినిధులు అందులో ఉంటారు గానీ వాళ్లది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు సలహా ఇచ్చే పాత్ర. నిర్ణయం ఆఫీసుదే.

2006 నాటి అటవీ హక్కుల చట్టం దీనికి పూర్తిగా వేరే దారి వేసింది. ఊరు ఆనవాయితీగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవి మొత్తాన్నీ సామూహిక అటవీ వనరుగా గుర్తించి, దాని రక్షణ, నిర్వహణ హక్కును గ్రామసభకు ఇవ్వాలంది. ఇప్పపువ్వు, తునికాకు, వెదురు లాంటి ఉత్పత్తుల మీద యాజమాన్యాన్ని నేరుగా రాసిచ్చింది. అడవి నేలకు పట్టా ఇవ్వలేదన్నది నిజమే, ఆ తేడాను దాచకూడదు. కానీ అడవిని నడిపే హక్కు ఊరిదైతే అందులోకి వచ్చే సందర్శకుడి రాకపోకలూ ఆ నడపడంలో భాగమే అవుతాయి. పులుల కోర్ ప్రాంతం విషయంలోనూ హక్కులు తేల్చకుండా, గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ కదపకూడదని చట్టాలు చెబుతున్నాయి.

తెలంగాణలో ఈ చట్టం సగమే కదిలింది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి రాష్ట్రమంతా లక్షన్నర మందికి నాలుగు లక్షల పైచిలుకు ఎకరాలకు పోడు పట్టాలిచ్చారు. అది పెద్ద అడుగు, కాదనలేం. అయితే అవి కుటుంబాలకు సాగుభూమి మీద ఇచ్చిన హక్కులు. ఊరుమ్మడి అడవి మీద హక్కు కాగితాలు ఉమ్మడి రాష్ట్రంలో గ్రామసభలకు బదులు అటవీ శాఖ నీడలోని వన సంరక్షణ సమితుల పేర వెళ్లాయన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఆ తప్పు దిద్దలేదు. కుంటాల దారిలో గూడెం పేరు టికెట్టు మీద లేకపోవడానికి మూలం అక్కడుంది.

సముద్రం ఒడ్డున ఓ కౌలు కాగితం

తాళంచెవి స్థానికుల చేతిలో ఉంటే ఎలా ఉంటుందో ఆస్ట్రేలియాలో చూడొచ్చు. సిడ్నీకి దక్షిణాన, పసిఫిక్ ఒడ్డున జెర్విస్ బే దగ్గర బూడెరీ అనే జాతీయ పార్కు ఉంది. తెల్లటి ఇసుక తీరాలు, తీరం వెంట సాగిపోయే తిమింగలాలు, యూకలిప్టస్ అడవి. సిడ్నీ, కాన్‌బెర్రా నగరాల జనానికి సెలవుల చోటు. 1995లో ఆ నేలను ఆస్ట్రేలియా సర్కారు రెక్ బే ఆదివాసీ సమాజానికి హక్కుభుక్తంగా అప్పగించింది. ఆ సమాజం దాన్ని జాతీయ పార్కుగా నడిపేందుకు పార్కుల శాఖకు కౌలుకిచ్చింది. భూమి వాళ్లది. శాఖ కౌలుదారు. అద్దె కడుతుంది. పార్కును నడిపించే బోర్డులో ఆ సమాజం ప్రతినిధులదే మెజారిటీ. ఉద్యోగాలు, కాంట్రాక్టుల్లో వాళ్లకు చోటుంది. అక్కడి వృక్షోద్యానంలో ఏ మొక్క దేనికి పనికొస్తుందో పెద్దవాళ్ల జ్ఞానం ఆధారంగా చెబుతారు. మనకు అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. వేల హెక్టార్ల పార్కులో సందర్శకుడు స్వేచ్ఛగా తిరగొచ్చు గానీ వాళ్ల నివాస గ్రామం మాత్రం సందర్శక స్థలం కాదు.

ఎడారి నడుమనున్న ఉలురు ఎర్రకొండ కథ ఇంకా ప్రసిద్ధం. 1985 అక్టోబర్ 26న దాన్ని అనంగు ప్రజలకు తిరిగిచ్చారు. అదే రోజు సర్కారు దాన్ని 99 ఏళ్ల కౌలుకు తీసుకుంది. తమకు పవిత్రమైన ఆ కొండను ఎక్కవద్దని వాళ్లు దశాబ్దాలపాటు బోర్డులు పెట్టి వేడుకున్నారు. జనం ఎక్కుతూనే ఉన్నారు. చివరికి వాళ్లకు మెజారిటీ ఉన్న బోర్డు తీర్మానించాక 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం ఆగిపోయింది. వేడుకోలుతో కానిది తీర్మానంతో అయింది. యాజమాన్యం ఉన్నచోటికీ లేనిచోటికీ తేడా తెలుసుకోవడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

అక్కడంతా బంగారమే అనుకోనక్కర్లేదు. కౌలుకు తిరిగివ్వాలన్న షరతు మీదే భూమి చేతికొచ్చింది. కకడు అనే మరో పార్కులో పార్కుల శాఖే 2019లో అనుమతి లేకుండా ఓ పవిత్ర స్థలం పక్కన నడకదారి వేసింది. కేసు ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. సర్కారు సంస్థే అయినా విచారణకు అతీతం కాదని 2024లో తీర్పొచ్చింది. మనం నేర్చుకోవలసింది ఇక్కడే ఉంది. పవిత్ర స్థలాలకు చట్టంలో రక్షణ ఉంది కాబట్టి తప్పు చేసిన శాఖను కోర్టు మెట్లెక్కించగలిగారు. ఆ రాత లేకపోతే అర్జీ పట్టుకుని నిలబడేవాళ్లు.

పులి మాటేమిటి?

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో బరువైనది ఇదే. ఊరి చేతికిస్తే పులి బతుకుతుందా? 2024 జనవరిలో కాగజ్‌నగర్ డివిజన్ దరిగాం అడవిలో విష ప్రయోగం వల్ల రెండు పులులు చచ్చిపోయాయి. 2020 నవంబర్‌లో దహెగాం, పెంచికల్‌పేట మండలాల్లో ఇద్దరు ఆదివాసులు పులి బారిన పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలో పత్తిచేలో పనిచేస్తున్న మహిళను పులి చంపింది. పశువును కోల్పోయినవాడి కడుపుమంటనూ, చేనుకు వెళ్లడానికి జంకే తల్లి భయాన్నీ తేలిగ్గా తీసిపారేయలేం. పులిని కాపాడాలనేవాళ్ల ఆందోళన కూడా నిజమైనదే.

అయితే ఆ చావులన్నీ జరిగింది అడవి శాఖ చేతిలో ఉండగానే. పులి తిరిగితే ఊరికి నష్టం, పులిని చూడటానికి జనం వస్తే లాభం వేరేవాళ్లకు. ఈ లెక్క మారనంతకాలం ఎన్ని కెమెరా ట్రాపులు పెట్టినా పులి సురక్షితం కాదు. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల పులుల అభయారణ్యంలో సోలిగ ఆదివాసులకు 2011లో సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. పులుల అభయారణ్యంలో ఇలాంటి గుర్తింపు దేశంలో అదే మొదటిది. 2010లో 35గా ఉన్న పులులు 2014 నాటికి 68 అయ్యాయని లెక్కలొచ్చాయి. హక్కులవల్లే పెరిగాయని గట్టిగా అనలేం, ఎన్నో కారణాలుంటాయి. హక్కులిస్తే పులి అంతరిస్తుందన్న భయానికి మాత్రం అక్కడ ఆధారం దొరకలేదు.

ప్రాణహితకు ఆవల మరో ఉదాహరణ ఉంది. గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా గోండుల ఊరు. 2009లో దాదాపు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు సాధించింది. 2011లో వెదురు రవాణా పర్మిట్లిచ్చే అధికారం ఆ గ్రామసభ చేతికొచ్చింది. అదే భాష, అవే దేవతలు, అదే చట్టం. నది దాటితే తప్ప అమలు కనిపించకపోవడం మన రాష్ట్రానికి గర్వకారణం కాదు.

నడపగలరా అనేవాళ్లకు

ఊళ్లకు టూరిజం నడిపే చేవ ఎక్కడిదని మరో సందేహం. కెస్లాపూర్ నాగోబా జాతరకు ఒక్కసారి వెళ్లినవాళ్లు ఈ ప్రశ్న అడగరు. పుష్య అమావాస్యకు ముందు మెస్రం వంశీయులు కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తలమడుగుకు వెళ్లి గోదావరి జలం తెస్తారు. సిరికొండ కుమ్మరులు కుండలు చేస్తారు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే బేటింగ్ ఏ వేళకో, మహాపూజ ఏ వేళకో, ఎవరు ఎక్కడ వంట చేసుకోవాలో అన్నింటికీ వంశపెద్దల మాటే కట్టుబాటు. లక్షల జనం ఆ కట్టుబాటుకు లోబడే వచ్చి పోతారు. అక్కడి గుడిని సైతం మెస్రం వంశీయులు సొంత చందాలతో, దాదాపు ఐదు కోట్ల రూపాయలతో కట్టుకుని 2022 డిసెంబర్‌లో ప్రతిష్ఠ చేశారు. మేడారం జాతరలోనూ అంతే. సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి తెచ్చేది కోయ పూజారులే. కోటిమందికి పైగా తరలివచ్చే ఆ జాతర తేదీలను ఖాయం చేసేదీ వాళ్లే. ఇన్ని లక్షల మందిని నిలబెట్టే సమాజాలకు ఓ జలపాతం దగ్గర బండ్ల పార్కింగు చూసుకోవడం చేతకాదనడం అన్యాయం.

చేతకాని పనులు కొన్ని ఉంటాయి. లెక్కల ఆడిట్, భద్రత, ప్రథమ చికిత్స, బుకింగు నేర్చుకోవాలి. కుంటాల లోయలో ఎన్నో నిండు ప్రాణాలు మునిగిపోయాయి కాబట్టి ఈత రక్షకుల శిక్షణ ముందు రావాలి. వీటికి ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది, అటవీ సిబ్బంది అనుభవం ఉంది. శిక్షణ ఇవ్వడానికి అధికారం లాక్కోవలసిన పని లేదు.

ఊళ్లో అందరూ ఒక్కమాట మీద ఉండరన్నది ఇంకో అభ్యంతరం. గోండు, కొలాం, పర్ధాన్, తోటి, నాయకపోడు, అంధ్ తెగలున్నాయి, లంబాడాలున్నారు, ఇతరులున్నారు. పెద్ద గొంతున్న తెగ చిన్న తెగను తోసేస్తుందన్న భయం ఉత్తదేమీ కాదు. ముఖ్యంగా కొలాములు వెనకబడిపోతారు. మూడు తరాలుగా అడవిని నమ్ముకున్న ఆదివాసేతరులకూ చట్టం హక్కులిచ్చింది కాబట్టి గీత ఎక్కడ గీయాలో గ్రామసభలోనే తేలాలి. ఆవాసం స్థాయిలో గ్రామసభ పెడితే కొలాం గూడెం మాట కొలాం గూడెమే చెప్పుకుంటుంది. మొత్తం పంచాయతీకి ఒకే సభ పెట్టే అలవాటు ఈ అన్యాయానికి పెద్ద కారణం. ఆదివాసీ పంచాయితీలకు రాయ్ సెంటర్లు, వాటికి పెద్దలుగా సార్మేడీలు ఈ ప్రాంతంలో ఇప్పటికే పనిచేస్తున్నాయి. తగవులు వాళ్లకు కొత్త కాదు.

▌ వెళ్లేవాళ్లు తెలుసుకోవలసినవి
*నాగోబా మహాపూజ పుష్య అమావాస్య రాత్రి. కెస్లాపూర్ ఇంద్రవెల్లి మండలంలో ఉంది. దండారీ దీపావళికి ముందు మొదలై కోలబోడి వేడుకతో ముగుస్తుంది. గుస్సాడీలు గోదావరి ఒడ్డున గుడిరేవులోని పద్మల్‌పురి కాకో గుడికి తరలివెళతారు. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ తెచ్చిన కనకరాజు మార్లవాయివాసి, 2024లో కన్నుమూశారు. ఉషేగాం, కెస్లగూడ ఓజా కళాకారులు పోతపోసే ఇత్తడి బొమ్మలకు 2018లో ఆదిలాబాద్ డోక్రాగా భౌగోళిక గుర్తింపు దక్కింది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూ ప్రయాణానికి బాగుంటుంది.*

వద్దనే హక్కు

పర్యాటకం వస్తే సంస్కృతి అమ్మకపు సరుకవుతుందని కలవరపడేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కలవరంలో నిజముంది. గుస్సాడీ టోపీని రిసార్టు లాబీలో వేలాడదీసే రోజులివి. దీక్ష పట్టి, నేలమీద పడుకుని, స్నానం మాని, పూనకంతో ఆడే ఆటను సాయంత్రపు షోగా పదిహేను నిమిషాలకు కుదిస్తే ఆడేవాడికి అవమానం, చూసేవాడికి అబద్ధం. దీనికి మందు పర్యాటకాన్ని నిషేధించడంలో లేదు. ఏది చూపాలో, ఏది చూపకూడదో చెప్పే హక్కు ఆ ఊరికి ఉండటంలో ఉంది. గోండు దైవం పెర్సాపేన్ పూజ దగ్గర కెమెరా వద్దు, దండారీ వారం సఫారీ ఆపండి, ఈ వాగు పైపాయలోకి దిగకండి అని గ్రామసభ తీర్మానిస్తే దానికి గేటు దగ్గర అమలుండాలి. రెక్ బే ఊరివాళ్లు తమ వాకిలిని మూసుకోగలిగినట్టు మార్లవాయి, జోడేఘాట్‌లు కూడా తలచుకుంటే మూసుకోగలగాలి. ఎప్పుడైనా మూసుకోగలిగిన ఇంట్లో అతిథిని పిలవడానికి జంకు ఉండదు.

డబ్బు లెక్క కూడా తేటగా ఉండాలి. ఉలురు గేటు వసూళ్లలో నాలుగో వంతు భూ యజమానులకు వెళుతుంది. ఇక్కడ ఎంత ఉండాలన్నది బేరమాడి తేల్చుకోవలసిన సంగతి. అయితే వాటా కౌలు ఒప్పందంలా రాతలో, గ్రామసభ ఖాతాలోకి రావాలి. గైడు ఉద్యోగాలు నలుగురికి ఇచ్చి, ఊరికి మేలు చేశామనడం చాలదు. పులి పశువును చంపితే పరిహారం కోసం నెలలు తిరిగే రైతుకు, సఫారీ ఆదాయం నుంచి వారంలో డబ్బు అందే నిధి గ్రామసభ దగ్గరే ఉంటే, దరిగాంలో జరిగిన విష ప్రయోగం లాంటివి తగ్గే అవకాశం ఎక్కువ.

కరీంనగర్, మంచిర్యాల, హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్ల వంతు కూడా కొంత ఉంది. గది బుక్ చేసేటప్పుడు ఆ డబ్బు ఎవరికి చేరుతుందో అడగొచ్చు. గూడెంలోకి అడుగుపెట్టే ముందు పటేల్‌నో, పెద్దమనిషినో కలవొచ్చు. ఫొటోకు ముందు మాట తీసుకోవచ్చు. ఇవి మర్యాదలు. హక్కు ఇవ్వాల్సింది మాత్రం సర్కారే.

జీవో 49 ఆగిందే గానీ కారిడార్ అవసరం తీరలేదు. పులులు ప్రాణహిత దాటుతూనే ఉన్నాయి, ఏదో ఒక పేరుతో ప్రతిపాదన మళ్లీ వస్తుంది. అది వచ్చేలోగా కెరమెరి, తిర్యాణి, కాగజ్‌నగర్, పెంచికల్‌పేట అడవుల్లోని ఆవాసాలన్నింటి సామూహిక అటవీ వనరు హద్దులు గుర్తించి పత్రాలివ్వాలి. ముసాయిదా గోండీలో, కొలామీలో చదివి వినిపించాలి. నిర్వహణ కమిటీలో గ్రామసభలకు మెజారిటీ ఉండేలా చట్టంలోని సలహా పాత్రను మించి రాష్ట్రం ఒప్పందం రాసుకోవాలి. ఆ తర్వాతే రిజర్వు ఉత్తర్వు మీద సంతకం పడాలి.